జ్ఞాపకంపై ఔషధాల ప్రభావం: డేవిడ్ డ్రాక్‌మన్ పరిశోధన – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

వృద్ధాప్యంలో వచ్చే మతిమరుపు వయసుతో పాటు తప్పనిసరిగా వచ్చే మార్పా, లేక మెదడులోని ఒక నిర్దిష్టమైన రసాయన వ్యవస్థ బలహీనపడటం వల్ల కలిగే లోపమా అన్నది 20వ శతాబ్దపు నాడీశాస్త్రంలో ఒక ముఖ్యమైన ప్రశ్న. అమెరికన్ నాడీవైద్యుడు డేవిడ్ డ్రాక్‌మన్ ఆరోగ్యవంతులైన యువకులకు స్కోపోలమిన్ అనే మందు ఇచ్చి, వారి జ్ఞాపకశక్తిలో కలిగిన మార్పులను వృద్ధుల జ్ఞాపకశక్తితో పోల్చి ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టాడు. ఆ ప్రయోగాల నేపథ్యాన్ని, పద్ధతిని, ఫలితాలను, వాటిపై వచ్చిన విమర్శలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వృద్ధులు నిత్యం వాడే కొన్ని మందుల విషయంలో ఆ పరిశోధన నేటికీ చేస్తున్న హెచ్చరికను వివరిస్తుంది.

కీలక పదాలు: జ్ఞాపకం, ఎసిటైల్‌కోలిన్, స్కోపోలమిన్, ఫైసోస్టిగ్మిన్, వృద్ధాప్యం, అల్జీమర్స్ వ్యాధి, ఉమ్మెత్త.

1. ప్రవేశిక

మనిషి జ్ఞాపకాన్ని శాస్త్రీయంగా అధ్యయనం చేయడానికి ప్రధానంగా మూడు మార్గాలు ఉన్నాయి. వ్యాధి వల్లనో శస్త్రచికిత్స వల్లనో మెదడులో ఒక భాగాన్ని కోల్పోయినవారిని పరిశీలించడం మొదటిది. జంతువులపై ప్రయోగాలు చేసి, ఆ ఫలితాలను మనిషికి అన్వయించడం రెండవది. ఆరోగ్యవంతుడైన మనిషికి ఒక మందు ఇచ్చి, మెదడులోని ఒక రసాయన వ్యవస్థను కొన్ని గంటలపాటు మాత్రమే మార్చి, ఆ సమయంలో జ్ఞాపకం ఎలా పనిచేస్తుందో చూడడం మూడవది.

మూడవ మార్గంలో ఒక ప్రత్యేక సౌలభ్యం ఉంది. మందు ప్రభావం తగ్గగానే మనిషి యథాస్థితికి వస్తాడు. ఒకే వ్యక్తిని మందు ఉన్న స్థితిలోనూ లేని స్థితిలోనూ పోల్చి చూడవచ్చు. ఈ పద్ధతిలో ఔషధం చికిత్సా సాధనంగా కాక పరిశోధనా సాధనంగా మారుతుంది. డ్రాక్‌మన్ మొదటి మార్గంలో పరిశోధన ప్రారంభించి మూడవ మార్గానికి చేరుకున్నాడు. మెదడులో ఒక భాగాన్ని కోల్పోయిన రోగులను పరీక్షించడానికి వాడిన కొలమానాన్నే తరువాత మందు తీసుకున్న ఆరోగ్యవంతులకూ వర్తింపజేశాడు. అతని పరిశోధనకు బలం ఇక్కడి నుంచే వచ్చింది.

2. నేపథ్యం: ఉమ్మెత్త నుంచి స్కోపోలమిన్ వరకు

స్కోపోలమిన్ ప్రయోగశాలలో కొత్తగా పుట్టిన పదార్థం కాదు. పొలం గట్ల మీద, పాడుబడిన స్థలాల్లో పెరిగే ఉమ్మెత్తలో అది సహజంగా ఉంటుంది. తెలుగువారు వినాయక చవితినాడు సమర్పించే ఇరవై ఒక్క పత్రాల్లో దత్తూర పత్రం ఈ మొక్క ఆకే. శివపూజలో ఉమ్మెత్త పూలకు స్థానం ఉంది. దాని గింజలు విషమని గ్రామీణులకు తరతరాలుగా తెలుసు. అవి కడుపులోకి వెళితే నోరు ఎండిపోతుంది, కనుపాపలు విప్పారతాయి, గుండె వేగం పెరుగుతుంది, మనిషి లేనివి ఉన్నట్లు చూస్తూ సంబంధం లేని మాటలు మాట్లాడతాడు. కోలుకున్న తరువాత ఆ సమయంలో జరిగినవి చాలావరకు గుర్తుండవు. ఉమ్మెత్తలోని స్కోపోలమిన్, అట్రోపిన్, హయోసయమిన్ అనే పదార్థాలే ఈ లక్షణాలకు కారణం.

జ్ఞాపకాన్ని చెరిపే ఈ గుణాన్ని వైద్యులు ఉద్దేశపూర్వకంగా వాడుకున్న సందర్భం 20వ శతాబ్దపు తొలి దశకంలో కనిపిస్తుంది. జర్మనీలోని ఫ్రైబర్గ్ నగరంలో కార్ల్ గాస్, బెర్న్‌హార్ట్ క్రోనిగ్ అనే ప్రసూతి వైద్యులు మార్ఫిన్‌తో పాటు స్కోపోలమిన్ ఇచ్చి కాన్పులు చేశారు. ఈ పద్ధతికి ‘సంధ్యానిద్ర’ అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది. తల్లి పూర్తిగా స్పృహ కోల్పోదు. నొప్పికి మూలుగుతుంది, అడిగినదానికి జవాబు చెబుతుంది. కాని బిడ్డ పుట్టిన తరువాత ఆ బాధ ఆమెకు గుర్తుండదు. అంటే నొప్పి కొంత మిగిలే ఉన్నా నొప్పి జ్ఞాపకం మాత్రం నిలవలేదు. ఒక అనుభవాన్ని అనుభవించడం, దానిని దాచుకోవడం అనేవి మెదడులో వేర్వేరు పనులని ఈ పద్ధతి పరోక్షంగా చూపింది. అయితే అది వైద్య సౌకర్యంగానే మిగిలిపోయింది. అందులోని శాస్త్రీయ ప్రశ్నను పద్ధతి ప్రకారం పరీక్షించడానికి అర్ధ శతాబ్దానికి పైగా పట్టింది.

ఆ లోపు మరొక ముఖ్యమైన ఆవిష్కరణ జరిగింది. 1921లో ఆటో లోవీ కప్ప గుండెలతో చేసిన ప్రయోగంలో నరాలు రసాయనాల ద్వారా సందేశాలు అందిస్తాయని రుజువు చేశాడు. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్ అని తరువాత తేలింది. ఈ కృషికి లోవీ, హెన్రీ డేల్ 1936లో నోబెల్ పురస్కారం పంచుకున్నారు. స్కోపోలమిన్ చేసే పనికి ఇక్కడ వివరణ దొరికింది. ఎసిటైల్‌కోలిన్ వచ్చి అతుక్కోవలసిన గ్రాహకాల్లో మస్కరినిక్ అనే రకాన్ని స్కోపోలమిన్ ముందే ఆక్రమిస్తుంది. సందేశం బయలుదేరుతుంది కాని అందుకునే చోటు ఖాళీగా ఉండదు.

3. తక్షణ స్మృతి, ధారణ

డ్రాక్‌మన్ పద్ధతిని అర్థం చేసుకోవడానికి జ్ఞాపకంలోని రెండు దశలను విడిగా గుర్తించాలి. అష్టావధానం ఇందుకు తగిన ఉదాహరణ. పృచ్ఛకుడు ఇచ్చిన సమస్యను విన్న వెంటనే తిరిగి చెప్పగలగడం ఒక శక్తి. అప్రస్తుత ప్రసంగం, ఘంటానాదం వంటి అంతరాయాలన్నీ దాటి, చివర పద్యాలన్నింటినీ వరుసగా అప్పజెప్పగలగడం మరొక శక్తి. మొదటిది తక్షణ స్మృతి, రెండవది ధారణ. మొదటి దానికి కొన్ని క్షణాల పాటు మనసులో నిలుపుకోవడం చాలు. రెండవ దానికి విషయం మెదడులో నిల్వ చేరాలి.

ఈ రెండింటినీ అంకెలతో కొలవవచ్చు. సాధారణంగా మనిషి ఒకసారి విని ఏడు అంకెల వరకు వెంటనే తిరిగి చెప్పగలడు. ఇది అతని తక్షణ స్మృతి పరిమితి. ఆ పరిమితికి మించిన వరుసను చెప్పాలంటే దానిని పలుమార్లు విని నేర్చుకోవాలి. అంటే నిల్వ ప్రక్రియ పనిచేయాలి. కనుక పరిమితికి లోబడిన వరుస తక్షణ స్మృతిని కొలుస్తుంది, పరిమితి దాటిన వరుస నిల్వ శక్తిని కొలుస్తుంది.

1966లో డ్రాక్‌మన్, ఆర్బిట్ ఈ కొలమానాన్ని మెదడులోని హిప్పోక్యాంపస్ ప్రాంతం దెబ్బతిన్న రోగులపై ఉపయోగించారు. వారిలో ‘ఎచ్.ఎం.’ అనే సంకేతనామంతో నాడీశాస్త్ర గ్రంథాల్లో ప్రసిద్ధుడైన హెన్రీ మొలైసన్ కూడా ఉన్నాడు. మూర్ఛ వ్యాధి చికిత్స కోసం 1953లో జరిగిన శస్త్రచికిత్సలో అతని మెదడుకు ఇరుపక్కలా హిప్పోక్యాంపస్ చాలా భాగం తొలగించారు. అతను ఆరు అంకెలను తేలికగా తిరిగి చెప్పగలిగాడు. ఏడు అంకెల వరుసను మాత్రం ఇరవై ఐదు సార్లు వినిపించినా చెప్పలేకపోయాడు. ఆరోగ్యవంతులు అదే పద్ధతిలో సాధన చేసి ఇరవై అంకెల వరకు చేరుకోగలిగారు. తక్షణ స్మృతి చెక్కుచెదరకుండా ఉండి, నిల్వ శక్తి మాత్రమే పోవడం సాధ్యమేనని దీనితో స్పష్టమైంది.

4. 1974 నాటి ప్రయోగం

శస్త్రచికిత్స వల్ల మెదడు నిర్మాణంలో ఏర్పడిన లోపం ఇలాంటి ఫలితాన్ని ఇస్తే, రసాయనం వల్ల కలిగే తాత్కాలిక లోపం కూడా అదే ఫలితాన్ని ఇస్తుందా? ఈ ప్రశ్నతో డ్రాక్‌మన్, జానెట్ లెవిట్ చేసిన ప్రయోగం 1974లో ‘ఆర్కైవ్స్ ఆఫ్ న్యూరాలజీ’ పత్రికలో వెలువడింది. ఆరోగ్యవంతులైన యువతీయువకులకు స్కోపోలమిన్ ఇచ్చి, అంకెల వరుసలు, పదాల జాబితాలు, ఒక వర్గానికి చెందిన పేర్లను గుర్తుతెచ్చుకుని చెప్పడం, బుద్ధి సూచిక పరీక్షలు వరుసగా నిర్వహించారు.

ఈ ప్రయోగ రచనలో గమనించదగిన అంశం పోలిక కోసం ఎంచుకున్న మందు. స్కోపోలమిన్ తీసుకున్న మనిషికి నోరు ఎండుతుంది, గుండె కొట్టుకోవడంలో తేడా వస్తుంది. ఆ అసౌకర్యం వల్లనే పరీక్షలో వెనుకబడ్డాడని ఎవరైనా అనవచ్చు. అందుకే మరొక బృందానికి మెథ్‌స్కోపోలమిన్ ఇచ్చారు. ఇది శరీరంపై స్కోపోలమిన్ మాదిరే పనిచేస్తుంది, కాని రక్తం నుంచి మెదడులోకి సులభంగా చేరలేదు. రెండు మందులూ నోటిని ఎండగడతాయి, మెదడును తాకేది మాత్రం ఒక్కటే. కాబట్టి రెండు బృందాల జ్ఞాపకశక్తిలో కనిపించిన తేడాకు కారణం మెదడులోనే ఉందని చెప్పడానికి అవకాశం ఏర్పడింది.

ఫలితాలు స్పష్టంగా వచ్చాయి. స్కోపోలమిన్ తీసుకున్నవారి తక్షణ స్మృతి దాదాపు మామూలుగానే ఉంది. పరిమితి దాటిన అంకెల వరుసను నేర్చుకోవడం, పదాల జాబితాను గుర్తుంచుకోవడం మాత్రం గణనీయంగా తగ్గాయి. భాషా సంబంధమైన బుద్ధి సూచిక నిలిచి ఉండగా, చేతలతో చేసే పరీక్షల్లో సామర్థ్యం పడిపోయింది. మెథ్‌స్కోపోలమిన్ తీసుకున్నవారిలో ఇలాంటి లోపం కనబడలేదు.

ఈ ఫలితాలను పరిశోధకులు మందులేవీ ఇవ్వని వృద్ధుల ఫలితాలతో పోల్చారు. తక్షణ స్మృతి నిలవడం, కొత్త విషయాల నిల్వ తగ్గడం, మాటల నేర్పు చెదరకపోవడం, చేతల పరీక్షల్లో వెనుకబడటం అనే లక్షణాల క్రమం రెండు చోట్లా ఒకే తీరుగా కనిపించింది. మందు ప్రభావంలో ఉన్న యువకుడి జ్ఞాపకం కొన్ని గంటల పాటు వృద్ధుడి జ్ఞాపకాన్ని పోలి ఉంది. దీని నుంచి వారు వృద్ధాప్యపు మతిమరుపుకు ఎసిటైల్‌కోలిన్ వ్యవస్థ బలహీనపడటం ఒక కారణం కావచ్చునన్న సూచన చేశారు. వ్యాసం శీర్షికలో వయసుతో సంబంధం గురించిన మాట చివర ప్రశ్నార్థకం ఉంచారు. అది నిర్ధారణ కాదు, పరీక్షించవలసిన ప్రతిపాదన మాత్రమే.

5. విరుగుడుతో పరీక్ష: 1977

ఒక విమర్శకు ఇంకా సమాధానం చెప్పవలసి ఉంది. స్కోపోలమిన్ మగతను కూడా కలిగిస్తుంది. మగతలో ఉన్న మనిషి ఏదీ సరిగా గుర్తుంచుకోలేడు. అప్పుడు లోపం జ్ఞాపకంలో ఉన్నట్లా, మెలకువలో ఉన్నట్లా?

ఈ సందేహాన్ని తీర్చడానికి డ్రాక్‌మన్ రెండు వేర్వేరు మందులను ఉపయోగించాడు. మొదటిది మగతను పోగొట్టి చురుకుదనం పెంచే ఆంఫెటమిన్. రెండవది ఫైసోస్టిగ్మిన్. ఇది పశ్చిమ ఆఫ్రికాలోని కాలబార్ ప్రాంతపు విషపు చిక్కుడు గింజ నుంచి లభించింది. అక్కడి సమాజాల్లో నేర విచారణలో దివ్యపరీక్షగా ఆ గింజను తినిపించేవారు. ఎసిటైల్‌కోలిన్‌ను విచ్ఛిన్నం చేసే ఎంజైమును ఫైసోస్టిగ్మిన్ అడ్డుకుంటుంది. అందువల్ల నాడీకణాల మధ్య ఎసిటైల్‌కోలిన్ మోతాదు పెరిగి, గ్రాహకాల కోసం స్కోపోలమిన్‌తో పోటీపడగలుగుతుంది. 1864లోనే ప్రాగ్ నగరంలో అట్రోపిన్ విషప్రభావానికి కాలబార్ గింజ సారాన్ని విరుగుడుగా వాడిన దాఖలా ఉంది.

1977లో ‘న్యూరాలజీ’ పత్రికలో ప్రచురితమైన ఫలితాల ప్రకారం, స్కోపోలమిన్ వల్ల కలిగిన జ్ఞాపక లోపాన్ని ఆంఫెటమిన్ సరిదిద్దలేకపోయింది. ఫైసోస్టిగ్మిన్ మాత్రం గణనీయంగా సరిదిద్దింది. మనిషిని మెలకువగా ఉంచినంత మాత్రాన ధారణ తిరిగి రాలేదు. ఎసిటైల్‌కోలిన్ వ్యవస్థను తిరిగి నిలబెట్టినప్పుడే వచ్చింది. ఒక మందుతో లోపాన్ని కలిగించి, నిర్దిష్టమైన విరుగుడుతో దానిని తొలగించి, సంబంధం లేని మరొక మందుతో అది తొలగదని చూపడం ద్వారా డ్రాక్‌మన్ తన ప్రతిపాదనకు గట్టి ఆధారం సమకూర్చాడు.

6. ప్రయోగం నుంచి చికిత్స వరకు

ఇదే కాలంలో ఇతర పరిశోధకులు మరొక దిశ నుంచి అదే చోటికి చేరుకున్నారు. అల్జీమర్స్ వ్యాధితో మరణించినవారి మెదళ్ళలో ఎసిటైల్‌కోలిన్‌ను తయారుచేసే ఎంజైము బాగా తగ్గిపోయిందని 1976లో పీటర్ డేవిస్, మలోనీ ప్రకటించారు. బ్రిటన్‌లోని మరికొన్ని బృందాలు కూడా ఆ కాలంలోనే ఈ విషయాన్ని గుర్తించాయి. మెదడు అడుగుభాగంలో ఎసిటైల్‌కోలిన్‌ను ఉత్పత్తి చేసే నాడీకణాలు ఈ వ్యాధిలో నశిస్తున్నాయని వైట్‌హౌస్ బృందం 1982లో నిరూపించింది. అదే సంవత్సరం బార్టస్ బృందం ఈ ఆధారాలన్నింటినీ సమన్వయపరచి, వృద్ధాప్య జ్ఞాపక లోపానికి ఎసిటైల్‌కోలిన్ సిద్ధాంతాన్ని ‘సైన్స్’ పత్రికలో ప్రతిపాదించింది.

చికిత్స ఈ సిద్ధాంతాన్ని అనుసరించింది. డ్రాక్‌మన్ ప్రయోగంలో ఫైసోస్టిగ్మిన్ చేసిన పనినే దీర్ఘకాలం, సురక్షితంగా చేయగల మందుల కోసం అన్వేషణ సాగింది. 1993లో అమెరికాలో టాక్రిన్‌కు అనుమతి లభించింది. అది కాలేయానికి హాని చేయడంతో క్రమంగా వాడకం నుంచి తప్పుకుంది. 1996లో డోనెపెజిల్, ఆ తరువాత రివాస్టిగ్మిన్, గాలంటమిన్ వచ్చాయి. నేడు భారతదేశంలోనూ అల్జీమర్స్ రోగులకు వైద్యులు రాసే ప్రధానమైన మందుల్లో డోనెపెజిల్ ఒకటి.

7. పరిమితులు, విమర్శలు

ఈ విజయానికి హద్దులు ఉన్నాయి. డోనెపెజిల్ వంటి మందులు లక్షణాలను కొంతమేరకు, కొంతకాలం మెరుగుపరుస్తాయి, వ్యాధి గమనాన్ని ఆపలేవు. స్కోపోలమిన్ ఇచ్చిన యువకుడి మెదడులో నాడీకణాలు నశించవు, అల్జీమర్స్ వ్యాధిలో కనిపించే ప్రోటీన్ పేరుకుపోవడం ఉండదు. కనుక లక్షణాల పోలికను వ్యాధి మూలాల పోలికగా భావించరాదు.

స్కోపోలమిన్ జ్ఞాపకాన్నే కాక ఏకాగ్రతను కూడా దెబ్బతీస్తుందని తరువాతి పరిశోధకులు చూపారు. ఎసిటైల్‌కోలిన్ పెరిగిన కొద్దీ జ్ఞాపకం మెరుగవుతుందన్న సరళమైన భావన కూడా నిలవలేదు. గాఢనిద్రలో మెదడులో ఎసిటైల్‌కోలిన్ స్థాయి సహజంగా తగ్గుతుంది. ఆ సమయంలో ఫైసోస్టిగ్మిన్ ఇచ్చి దానిని కృత్రిమంగా పెంచితే, నిద్రకు ముందు నేర్చుకున్న పదాలు సరిగా స్థిరపడవని గైస్, బోర్న్ 2004లో నిరూపించారు. నేర్చుకునే వేళ కావలసిన రసాయనమే, నేర్చినది స్థిరపడే వేళ అడ్డంకి అవుతోంది. జ్ఞాపకశక్తిని పెంచే మాత్ర కోసం వెతికే విద్యార్థులు, తల్లిదండ్రులు గమనించవలసిన విషయం ఇది.

డ్రాక్‌మన్ కూడా ఏ ఒక్క సిద్ధాంతాన్నీ అంటిపెట్టుకుని ఉండలేదు. అల్జీమర్స్ వ్యాధికి అమిలాయిడ్ ప్రోటీనే మూలకారణమన్న ప్రబలమైన వాదాన్ని అతను 2014లో ప్రచురించిన వ్యాసంలో వ్యతిరేకించాడు. అమిలాయిడ్ వ్యాధి పర్యవసానమే కాని కారణం కాదని వాదించాడు. ఈ చర్చ నేటికీ ముగియలేదు.

8. నిత్యజీవితంలో ఈ పరిశోధన ప్రాసంగికత

స్కోపోలమిన్ ప్రయోగశాలకే పరిమితమైన పదార్థమైతే ఈ పరిశోధన చరిత్రగానే మిగిలేది. కాని ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకునే గుణం వైద్యంలో నిత్యం వాడే చాలా మందుల్లో ఉంది. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, దురదకూ నిద్రకూ వాడే డైఫెన్‌హైడ్రమిన్, నరాల నొప్పులకూ మానసిక కుంగుబాటుకూ ఇచ్చే అమిట్రిప్టిలిన్, మూత్రం ఆపుకోలేని సమస్యకు ఇచ్చే ఆక్సీబ్యుటినిన్, వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ ఇందుకు ఉదాహరణలు. ఇవి ఒక్కొక్కటి స్వల్ప ప్రభావమే చూపినా, రెండు మూడు కలిసినప్పుడు భారం కూడుతుంది. వృద్ధుల్లో ఎసిటైల్‌కోలిన్ వ్యవస్థకు మిగులు శక్తి తక్కువ. కాలేయం, మూత్రపిండాలు మందును శరీరం నుంచి తొలగించే వేగం కూడా తగ్గి ఉంటుంది. అందుకే యువకుడికి నోరు మాత్రమే ఎండగట్టే మాత్ర, వృద్ధుడికి తికమకను, మతిమరుపును తేగలదు.

అమెరికాలో 65 ఏళ్ళు పైబడిన 3,434 మందిని సగటున ఏడేళ్ళకు పైగా అనుసరించిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. ఈ రకపు మందులను ఎక్కువ మోతాదులో దీర్ఘకాలం వాడినవారిలో డిమెన్షియా ముప్పు అధికంగా ఉన్నట్లు అది గుర్తించింది. ఇంగ్లండ్‌లో 58,769 మంది డిమెన్షియా రోగులను, 2,25,574 మంది ఇతరులను పోల్చిన 2019 నాటి అధ్యయనంలో కుంగుబాటు, పార్కిన్సన్స్ వ్యాధి, మూత్రాశయ సమస్యలు మొదలైన వాటికి ఇచ్చే ఈ రకపు మందులకు డిమెన్షియాతో సంబంధం కనిపించింది. అలర్జీ మందుల విషయంలో మాత్రం అలాంటి సంబంధం తేలలేదు. ఇవి పరిశీలనాత్మక అధ్యయనాలు. మందు వల్లనే వ్యాధి వచ్చిందని వీటి ఆధారంగా నిర్ధారించలేము. వ్యాధి తొలి లక్షణాలకే ఆ మందులు వాడి ఉండవచ్చు. అయితే డ్రాక్‌మన్ చూపిన తాత్కాలిక లోపం విషయంలో ఇలాంటి సందేహానికి తావు లేదు.

ఈ అవగాహన లోపించినప్పుడు ఎదురయ్యే వైపరీత్యాన్ని కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో 2005లో జరిగిన పరిశీలన వెల్లడించింది. డోనెపెజిల్ వంటి మందులు మూత్ర విసర్జనను తరచు చేస్తాయి. దానిని మందు ప్రభావంగా గుర్తించక కొత్త జబ్బుగా భావించి, ఆక్సీబ్యుటినిన్ వంటి మందులను అదనంగా రాయడం ఆ రోగుల్లో ఎక్కువగా కనిపించింది. మొదటి మందు ఎసిటైల్‌కోలిన్‌ను పెంచుతుంది, రెండవది దానిని అడ్డుకుంటుంది. ఒకే చీటీలోని రెండు మందులు ఒకదానికొకటి ఎదురు పనిచేస్తూ, నష్టమంతా రోగికి మిగులుతుంది.

తెలుగు రాష్ట్రాల్లో జలుబు, దురద మాత్రలను వైద్యుని చీటీ లేకుండానే మందుల దుకాణంలో కొనడం సాధారణం. ఇంట్లోని పెద్దవారు ఉన్నట్టుండి పేర్లు మరచిపోతున్నా, చెప్పిందే మళ్ళీ చెబుతున్నా, రాత్రివేళ తికమకపడుతున్నా కుటుంబసభ్యులు దానిని వయసు ప్రభావంగా సరిపెట్టుకుంటారు. ఆ వారంలో కొత్తగా ఏ మాత్ర మొదలైందన్న ప్రశ్న తరచు మరుగున పడుతుంది. వారు వాడే మందులన్నింటినీ, దుకాణంలో కొన్నవాటితో సహా, వైద్యునికి చూపడం ఇందుకు మార్గం. సొంత నిర్ణయంతో మందులను హఠాత్తుగా మానడం కూడా ప్రమాదకరమే.

9. ముగింపు

ఈ పరిశీలన నుంచి కింది విషయాలు తేలుతున్నాయి.

1. జ్ఞాపకం అవిభాజ్యమైన శక్తి కాదు. తక్షణ స్మృతిని తాకకుండా నిల్వ శక్తిని మాత్రమే తగ్గించడం ఒక మందుకు సాధ్యమని డ్రాక్‌మన్ ప్రయోగాలు నిరూపించాయి.

2. సరైన పోలిక బృందం, నిర్దిష్టమైన విరుగుడు, సంబంధం లేని మరొక మందు అనే మూడు జాగ్రత్తల వల్ల ఈ ప్రయోగాలు ఔషధ పరిశోధనకు పద్ధతి పరంగా ఆదర్శంగా నిలుస్తాయి.

3. ఎసిటైల్‌కోలిన్ సిద్ధాంతం అల్జీమర్స్ వ్యాధిని సంపూర్ణంగా వివరించలేదు. అయినా తొలితరం చికిత్సలకు దారి చూపింది.

4. వృద్ధాప్యంలో కనిపించే మతిమరుపు అంతా వృద్ధాప్యానిది కాదు. అందులో మందుల వల్ల కలిగిన భాగం ఉంటే, దానిని గుర్తించి సరిదిద్దే అవకాశం ఉంది.

డ్రాక్‌మన్ యువకుల్లో కొన్ని గంటల పాటు వృద్ధాప్యపు మతిమరుపును పోలిన స్థితిని కల్పించి, తిరిగి దానిని తొలగించాడు. ఇళ్ళలోని పెద్దవారికి అలాంటి స్థితి తెలియకుండానే కలుగుతున్నప్పుడు దానిని తొలగించడానికి తొలి మెట్టు అది మందు వల్ల కావచ్చునని అనుమానించడమే.